తిప్పినా తిరగని కరెంటు

శనివారం ఉదయం మా ఇంట్లో భోజనాల బల్ల గురించి గొడవ మొదలైంది. మా ఆయన మోచెయ్యి ఆనించగానే బల్ల కిటికీ మూలకి ఒరిగింది, కాఫీ సాసర్లోకి తొణికింది.

"ఈ బల్ల కాలు పొట్టి," అన్నారాయన.

"కాలు కాదు, ఆ మూల నేల కుంగింది," అన్నాను.

"నేను చెప్తున్నాగా, కాలే. వడ్రంగి కోసేటప్పుడే తేడా చేశాడు."

"పద్నాలుగేళ్ళు సరిగ్గా ఉన్న కాలు పోయిన నెలలో పొట్టిదైపోయిందా?"

మా అత్తగారు తన కప్పు రెండు చేతులతోనూ పైకెత్తి పట్టుకున్నారు. "ఒరేయ్ పెద్దోడా, కాలో నేలో తర్వాత తేల్చుకోండి. ముందు నా ఒళ్ళో పడకుండా చూడండి."

బల్లని అటూ ఇటూ తిప్పి పెట్టి చూద్దామన్నాను. కుదుపు బల్లతో పాటు తిరిగి గోడ వైపుకి వస్తే తప్పు కాలిది. కిటికీ మూలనే ఉండిపోతే తప్పు నేలది. నిమిషం పని.

"ప్రతిదీ తిప్పి చూడాలా? కొన్ని అనుభవం మీద తెలిసిపోతాయి," అని ఆయన తన సంచిలోంచి ఒక కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆ కాలి కింద దోపారు. లేచి నిలబడి అరచేత్తో బల్లని గట్టిగా నొక్కారు. "చూశావా? కదలటంలేదు. అంటే కాలు పొట్టి."

నేల కుంగినా సరే, కాగితం పెడితే కుదుపు ఆగుతుంది. ఆ మాట ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్‌కి చెప్పాల్సి రావడం నాకే సిగ్గనిపించి ఊరుకున్నాను.

బల్ల దగ్గర నాలుగో మనిషి పిట్ట. ఆయన చెల్లెలి కూతురు. సన్నగా ఉంటుందని మా అత్తగారు పెట్టిన పేరు అది. ఎప్పుడూ ఇలాంటి గొడవల్లో ఎవరో ఒకరి పక్షం తీసుకుని నవ్వించే పిల్ల, ఆ రోజు "తిప్పి చూద్దాం" అన్న మాట వినగానే చెంచా కింద పెట్టేసి ప్లేటు వంక చూస్తూ కూర్చుంది. నేను గమనించాను. ఆయన గమనించలేదు. ఆయన కాలి కింద కాగితం చూసుకుని మురిసిపోతున్నారు.

పిట్ట ప్రవేశపరీక్ష రాసి, ఈయన కాలేజీలోనే సొంతంగా సీటు తెచ్చుకుని, నాలుగేళ్ళుగా మా ఇంట్లో ఉంటూ పరిశోధన చేస్తోంది. ఆ పని నేర్పగల గైడు అక్కడ ఈయనొక్కరే కావడంతో ఈయన ల్యాబ్‌లోనే పడింది. మొదటి రోజే ఆయన ఒక నియమం పెట్టారు. ఇంటి గడప లోపల మామయ్య, గడప దాటితే సార్. ఒకసారి ల్యాబ్‌లో పొరపాటున "మామయ్యా" అన్నందుకు మూడు రోజులు మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ఇంట్లో కూడా మాట్లాడలేదు. నియమం ఒకవైపే పనిచేస్తుందన్నమాట.

వాళ్ళ ల్యాబ్‌లో ఏం జరుగుతోందో నేను పిట్ట దగ్గరే తెలుసుకున్నాను. ఆయన్ని అడిగితే "నీకు అర్థం కాదులే" అంటారు. నేను డిగ్రీలో చదివింది ఫిజిక్సే. ఆ సంగతి పెళ్ళిచూపుల్లో ఆయనకి నచ్చిన ఒకే ఒక్క విషయమని చెప్పారు కూడా. తర్వాత మర్చిపోయారు.

ఓసారి పిట్ట వంటింటి గట్టు మీద చెంచాలు పేర్చి చూపించింది. ఒకటి తల పైకి, ఒకటి తల కిందికి.

"మామూలు అయస్కాంతంలో అన్నీ ఒకవైపే తల పెడతాయి అత్తయ్యా. అందుకే గుండుసూదిని లాగుతుంది. ఇందులో సగం అటు, సగం ఇటు. మొత్తం కలిపితే సున్నా. గుండుసూది కూడా అంటదు."

"అలాంటివి మా పుస్తకాల్లోనూ ఉన్నాయి."

"ఆగు మరి." పైకి చూసే చెంచాల పక్కన ఫోర్కులు నిలువుగా పెట్టింది, కిందికి చూసే వాటి పక్కన అడ్డంగా పెట్టింది. "చుట్టూ ఉన్న ఇరుగుపొరుగు కూడా ఇలా పక్కకి తిరిగి ఉంటుంది. అది కొత్త సంగతి. దానివల్ల లోపల పరిగెత్తే ఎలక్ట్రాన్లకి ఇది నిజం అయస్కాంతంలాగే తగులుతుంది. బయటికి పిల్లి, లోపల పులి."

అలాంటి స్ఫటికం మీద లేజర్ వెలుగు పడితే, బ్యాటరీ ఏదీ లేకుండానే, ఒక వైపుకి కరెంటు నడవొచ్చని లెక్కలు చెబుతున్నాయట. ఏ వైపుకి నడవాలో స్ఫటికం లోపలి అమరికే నిర్ణయిస్తుందట. ఆవగింజలో సగం ఉండే ఒక ముక్క మీద ఆ కరెంటు కనిపించిందని పోయిన ఏడాది ఈయన ప్రకటించారు.

ఆ తర్వాత ఆయన నడకే మారింది. కాలేజీ గేటు దగ్గర ఆయన ఫోటోతో ఒక పెద్ద బ్యానర్ కట్టారు. దాని మీద "బ్యాటరీ లేని భవిష్యత్తు" అని రాయించారు. ఫోటోలో ఆయన లేజర్ వంక చూస్తున్నారు. నిజానికి ఆ లేజర్ ఎక్కడ ఆన్ చేస్తారో కూడా ఆయనకి తెలియదని పిట్ట చెప్పింది. వచ్చేనెల ఒక పెద్ద సభలో మాట్లాడాలని పిలుపొచ్చింది. అప్పటినుంచి అద్దం ముందు నిలబడి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్ళజోడు తీయాలో సాధన చేస్తున్నారు. కళ్ళజోడు తీసే చోటు మూడుసార్లు మార్చారు.

ఈ మధ్యలో, ఆ సంగతి రాసి పంపిన పేపర్‌ని సైన్స్ పత్రికవాళ్ళు ఆ విషయం తెలిసిన ఎవరి చేతో చదివించారు. ఆ చదివినాయన పేరు చెప్పలేదు గానీ, ఒకే ఒక్క ప్రశ్న రాశాడు. స్ఫటికాన్ని అటు ఇటుగా తిప్పి పెట్టి మళ్ళీ కొలిచారా? రాత్రి భోజనం దగ్గర ఈయన ఆ ఉత్తరాన్ని చదివి వినిపించి, "అసూయ," అన్నారు.

శనివారం కాఫీలయ్యాక ఆయన సభ ప్రసంగం సాధన చేసుకోవడానికి కాలేజీకి వెళ్ళారు. నేను బల్ల తుడుస్తూ కాలి కింద కాగితం లాగాను. నా ఇంట్లో మడత కాగితాల మీద నిలబడే సామాను ఉండడం నాకు ఇష్టంలేదు. మడత విప్పి చూశాను. ఒక గ్రాఫు. గీత మధ్యలో గుట్టలా పైకి లేచింది. మూలన పిట్ట గుండ్రటి చేతిరాతలో "తిప్పాక, మూడోసారి" అని, తేదీ. దాని మీద అడ్డంగా, ఆకుపచ్చ సిరాతో, ఆయన రాత. "నాయిస్." అంటే కొలతలో దొర్లిన రొద, లెక్కలోకి రాదని.

ఆ ఆకుపచ్చ అక్షరాలు నాకు కొత్త కాదు. ల్యాబ్‌లో కొలిచిన ప్రతిదీ పిట్ట అచ్చుతీసి ఆయన బల్ల మీద పెడుతుంది. ఆయనకి నచ్చిన వాటిని ఫైల్లో పెడతారు. నచ్చనివాటి మీద "నాయిస్" అని రాసి చిత్తుకాగితాల్లో వేస్తారు. ఆ చిత్తుకాగితాలు ఇంటికి తెస్తే నేను వంటింటి అరల్లో పరుస్తాను. దళసరి కాగితం, ఒకవైపు తెల్లగా ఉంటుంది, మూడు నెలలు ఆగుతుంది. ఇన్నాళ్ళూ తెల్లవైపు పైకి పెట్టి పరిచాను. అచ్చువైపు ఏముందో చదవనందుకు నన్ను నేనే తిట్టుకోవాలి.

డబ్బాలన్నీ గట్టు మీదికి దించాను. అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమే, కాగితాలు మార్చేది ఒకటో తారీఖున కదా? ఇంకా వారం ఉంది."

"చీమలు పట్టాయత్తయ్యా."

"చీమలు పడితే డబ్బాలు చూస్తారు. నువ్వు కాగితాలు చదువుతున్నావు."

ఆవిడ కళ్ళు ఇంకా బాగానే కనిపిస్తాయి.

నూనె మరకలు ఉన్నవి, లేనివి కలిపి మరో పది దొరికాయి. బల్ల కింద దానితో పదకొండు. వాటిలో ఆరింటి మీద "తిప్పాక", వాటికి జతగా కొలిచిన ఐదింటి మీద "తిప్పకముందు" అని ఉంది. ఏ కాగితం చూసినా గుట్ట పైకే ఉంది. ఒక్కటంటే ఒక్కటి కూడా కిందికి దిగలేదు.

పిట్టని పిలిచి గట్టు మీద వరసగా పరిచి చూపించాను. దాని ముఖం పాలిపోయింది.

"ఇవి ఎక్కడివి?"

"పంచదార డబ్బా కింద రెండు, ఉప్పు కింద ఒకటి, మిగతావి పై అరలో. కూర్చో. కరెంటు స్ఫటికం లోంచే పుడితే, స్ఫటికాన్ని తిప్పినప్పుడు ఈ గీత కిందికి రావాలి కదా?"

"రావాలి. కరెంటు కొలిచే సూదులు ల్యాబ్ బల్లకే బిగించి ఉంటాయి. ఒకటి కుడి, ఒకటి ఎడమ. స్ఫటికం తిరిగితే కరెంటు కూడా అటు నుంచి ఇటు తిరగాలి. తిరగలేదు."

"మరి ఆయనేమన్నారు?"

"తిప్పేటప్పుడు ఎర్ర తీగా నల్ల తీగా తారుమారు చేశావన్నారు. సరే అని ఎర్ర తీగకి గోళ్ళరంగు గుర్తు పెట్టి మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. 'గోళ్ళరంగు చెరిగిపోయి ఉంటుంది' అన్నారు. తీగలు విప్పకుండా చేశాను. 'నాయిస్' అన్నారు."

నవ్వొచ్చింది, నవ్వలేదు. డిగ్రీ ల్యాబ్‌లో మేము రెండు రకాల తీగలు మెలిపెట్టి, ఒక కొన మంచులోనూ ఇంకో కొన వేడి నీళ్ళలోనూ పెట్టి, మీటరులో ముల్లు కదలడం చూశాం. వేడి ఒకవైపు ఎక్కువైతే చాలు, కరెంటు దానంతట అదే నడుస్తుంది. దానికి కొత్త రకం అయస్కాంతం అక్కర్లేదు, బ్యానరు అంతకన్నా అక్కర్లేదు.

"లేజర్ సరిగ్గా మధ్యలో పడుతోందా?" అని అడిగాను.

"కాస్త ఎడమకి పడుతోందత్తయ్యా. వెంట్రుకవాసి. ఎడమ సూది వేడెక్కుతోంది. రెండు నెలల క్రితమే కనుక్కున్నా. మధ్యకి జరిపితే గుట్ట దాదాపు పోయింది. ఆ కాగితం కూడా ఇచ్చాను."

"అది ఇక్కడ లేదే?"

"అది ఆయన సంచిలోనే ఉండిపోయి ఉంటుంది. ఇంకో బల్ల ఒరిగితే బయటికొస్తుంది."

అప్పుడు చెప్పింది అసలు సంగతి. పత్రికకి జవాబు సిద్ధమైంది. అందులో "స్ఫటికాన్ని తిప్పి చూశాం, ఆశించినట్టే కరెంటు దిశ మారింది" అని ఆయన రాశారు. పక్కన గ్రాఫు కూడా పెట్టారు. పిట్ట కొలిచిందే. "తీగల తేడా సరిచేసి" అని చిన్న అక్షరాల్లో రాసి, దాన్ని కంప్యూటర్లో తలకిందులు చేశారు. స్ఫటికాన్ని తిప్పితే తిరగని గీత, ఆయన మౌస్ తిప్పితే తిరిగింది.

పేపర్ మీద నలుగురి పేర్లున్నాయి. నలుగురికీ పత్రిక నుంచి ఉత్తరం వస్తుంది, అందులో "సమ్మతం" అన్న మీట నొక్కాలి. ముగ్గురు నొక్కేశారు. ఒకరు ఈయన, మిగతా ఇద్దరూ ఎప్పుడూ ఏదీ చదవకుండానే నొక్కుతారట. నాలుగోది పిట్టది. గడువు సోమవారం.

"నొక్కకపోతే?"

"నా థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. రెండు నెలల్లో ఇవ్వాలి. నాలుగేళ్ళు, అత్తయ్యా." మళ్ళీ తనే అంది, "నొక్కితే, నా పేరుతో నేనే అబద్ధం చెప్పినట్టు. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకరోజు తిప్పి చూస్తారు. చూడకపోయినా నాకు తెలుసు."

నొక్కమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. నాలుగేళ్ళు నావి కావు. కాగితాలన్నీ తేదీల వరసలో పేర్చి, నూనె మరకలు అంటకుండా ఒక కవర్లో పెట్టి దానికిచ్చాను. అరల్లో పాత కేలండర్లు పరిచాను.

సాయంత్రం ఆయన ఉత్సాహంగా వచ్చారు. సాధన బాగా కుదిరిందట. అద్దం ముందు కంటే కాలేజీ హాల్లో గొంతు గంభీరంగా పలికిందట.

"పిట్టా, ఆ ఈమెయిల్ సంగతి చూశావా?"

"చూశాను మామయ్యా."

"చూడటం కాదు, నొక్కాలి. ఎంత పని! వేలితో."

"రేపు చెప్తాను."

"చెప్పడానికేముంది అందులో?" అని నవ్వి, చెప్పులు వదిలి లోపలికి వెళ్ళారు. జవాబు కోసం ఆగే అలవాటు ఆయనకి లేదు.

ఆదివారం ఆయన స్నానంలో ఉండగా నేనూ అత్తగారూ బల్లని తిప్పాం. ఆవిడ డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ఒక చివర పట్టుకుని, "ఎత్తకు, జరుపు, నా నడుం నీ బల్ల కంటే పాతది," అని ఆజ్ఞలు జారీ చేశారు. కిటికీ వైపు కాళ్ళు గోడ వైపుకి వచ్చాయి, గోడ వైపువి కిటికీ వైపుకి వెళ్ళాయి. ఆవిడే ముందుగా మోచెయ్యి ఆనించి చూశారు. బల్ల కిటికీ మూలకి ఒరిగింది.

"నేలేనే," అన్నారు, అదేదో తానే కనిపెట్టినట్టు.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. ఆయన ఎప్పటిలాగే కిటికీ వైపు కూర్చుని మోచెయ్యి ఆనించారు. బల్ల ఒరిగింది, నీళ్ళ గ్లాసు జారింది. పట్టుకున్నాను.

"కాగితం ఎవరు తీశారు?"

"నేనే తీశాను. బల్ల కూడా తిప్పాం. మీరు పొట్టిదన్న కాలు ఇప్పుడు అదిగో, గోడ దగ్గర ఉంది. అక్కడ కదలటంలేదు."

ఆయన వంగి ఇటు చూశారు, అటు చూశారు. తల పైకెత్తి, ఏ మాత్రం తడబడకుండా అన్నారు: "అంటే ఈ కాలు కూడా పొట్టే."

అత్తగారు ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయారు. "ఒరేయ్, అలా అయితే ఈసారి మళ్ళీ తిప్పితే మూడోదీ పొట్టిదవుతుందా?"

"అమ్మా, నీకు తెలియదు. తిప్పేటప్పుడు వీళ్ళు బల్లని సరిగ్గా అదే చోట పెట్టి ఉండరు. అందులో ఎన్నో తేడాలొస్తాయి. ఇంట్లో చేసే పరీక్షలకి లెక్క ఉండదు."

"ల్యాబ్‌లో చేసేవాటికి ఉంటుందా?" అని అడిగాను.

"ఏమన్నావు?"

"కూర వేయనా అన్నాను."

ఆయన నా వంక అనుమానంగా చూసి, పిట్ట వైపు తిరిగారు. ఇంట్లో మాటకి ఎదురుదెబ్బ తగిలినప్పుడల్లా ఆయన ల్యాబ్‌లోకి వెళ్ళిపోతారు. "అది సరే. నొక్కావా లేదా? నీ ఒక్కదాని కోసం ఆగి ఉంది. రేపటితో గడువు అయిపోతుంది. నీ థీసిస్‌లో మొదటి అధ్యాయం కూడా అదే, గుర్తుందా?"

పిట్ట చెయ్యి కడుక్కుని వచ్చింది. భోజనం మధ్యలో లేవడం దానికి అలవాటు లేదు. కవరు తెచ్చి, ప్లేట్లు కాస్త జరిపి, ఆయన ముందు పెట్టింది. పైన ఉన్న కాగితం మీద నాలుగు మడతల గీతలు అలాగే ఉన్నాయి.

"సార్," అంది.

ఇంట్లో ఆ మాట అంతకుముందెప్పుడూ వినలేదు. అత్తగారు చుట్టూ చూశారు, ఎవరైనా వచ్చారేమోనని.

"ఇది ఇల్లు పిట్టా. ఇక్కడ మామయ్యని."

"ఇది ల్యాబ్ విషయం సార్. మామయ్యతో అయితే చెప్పలేను, ఏడుపొస్తుంది." ఏడవలేదు. "ఆరుసార్లు తిప్పాను. ఆరుసార్లూ కరెంటు తిరగలేదు. అది స్ఫటికంలోది కాదు, వేడెక్కిన సూదిది. మీకు రెండు నెలల క్రితమే చెప్పాను."

"తీగలు తారుమారు—"

"రెండు కాళ్ళూ పొట్టివి కావు సార్."

ఆయన నోరు తెరిచి, నా వంక, కాలి వంక, తల్లి వంక చూశారు. అత్తగారు తల దించుకుని శ్రద్ధగా కూర కలుపుకుంటున్నారు. ఆవిడ భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా? సభ ఉంది. బ్యానర్ ఉంది. నా సంతకం లేకుండా నువ్వు ఎక్కడికి పోతావు?"

"అందుకే చెప్తున్నాను. నేను సమ్మతం నొక్కను. ఆ పేపర్లోంచి నా పేరు తీసేయమని, ఎందుకో కూడా రాసి, ఈ సాయంత్రం పత్రికకి పంపిస్తాను. అప్పటిదాకా మీకు టైముంది, మీరే పేపర్‌ని వెనక్కి తీసుకుంటే నా ఉత్తరం అక్కర్లేదు. రేపు పొద్దున ఈ పదకొండూ తీసుకుని డిపార్ట్‌మెంట్ హెడ్ మేడమ్ దగ్గరికి వెళ్ళి గైడుని మార్చమని అడుగుతాను. కొత్త థీసిస్ రాస్తాను, ఈ కరెంటు తిప్పినా ఎందుకు తిరగలేదో, దాన్ని చూసి ఇంకెవరూ మోసపోకుండా ఎలా కొలవాలో. ఇంకో రెండేళ్ళు పడుతుంది." ఊపిరి తీసుకుంది. "హాస్టల్లో గది ఉందట. వెళ్ళమంటే వెళ్తాను."

ఆయన ఏదో అనబోయారు. ఆ లోపే మా అత్తగారు తల ఎత్తారు.

"గదీ లేదు గిదీ లేదు. నా మనవరాలు ఇక్కడే ఉంటుంది. రెండేళ్ళు నాకూ ఉంటాయో లేదో చూసుకోవాలి. కూర్చుని తిను, చల్లారిపోతోంది."

పిట్ట కూర్చుంది. నేను దాని ప్లేట్లో వేడి కూర వేశాను.